కాలవ గట్టు మీద పరుగు

మా పాపకు రక్త క్యాన్సరని తెలిశాక, వైద్యం ఖర్చుకు మరో దారి దొరక్క నేను పరుగు మొదలుపెట్టాను. మాది కర్ణాటకలో సింధనూరు దగ్గర క్యాంపు, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊరు. వరి తప్ప వేరే ఆధారం లేదు. నెలంతా రోజూ కాలవ గట్టు మీద పరిగెత్తుతానని, చూసినవాళ్లు తోచినంత సాయం చేయమని ఫోనులో వీడియో పెట్టాం. చీరలో పరిగెత్తే నన్ను చూసి ఎక్కడెక్కడివాళ్లో డబ్బు పంపారు. వీడియో పెట్టని రోజు మాత్రం ఏమీ వచ్చేది కాదు.

ఒక ఉదయం పాప ఒళ్లు కాలిపోతోంది. కీమో తీసుకునే పిల్లకు జ్వరమొస్తే వెంటనే తీసుకురమ్మని డాక్టరు ముందే చెప్పారు. సింధనూరు నుంచి కారు రావాలి. మా ఆయన బైకు తాళాలతో గుమ్మంలో నిలబడ్డారు.

"కారొచ్చేలోపు పరిగెత్తేసిరా. ఆసుపత్రిలో పడితే మళ్లీ పరిగెత్తేది ఎన్నాళ్లకో."

"దీన్నిలా వదిలేసా? నావల్ల కాదండీ."

"మరక్కడ ఏం కడతాం, చెప్పు?"

అత్తయ్య పాప నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నారు. పాప కళ్లు తెరవకుండానే, "వెళ్లిరా అమ్మా, నానమ్మ ఉందిగా" అంది.

పరిగెత్తాను. ఆయన పక్కనే బైకు నడుపుతూ, ఒంటిచేత్తో వీడియో తీశారు. ఏడుపు కనపడకుండా మొహం కాలవ వైపు తిప్పుకున్నాను. దూరాన కారు లేపిన దుమ్ము చూడగానే వెనక్కి తిరిగి ఇంటికేసి ఉరికాను. ఆయన నన్ను ఆపలేదు.

కారులో చెమట పట్టిన నా మెడకు చెంప ఆనించి, "చల్లగా ఉన్నావమ్మా" అంది పాప.

రాయచూరు ఆసుపత్రిలో మెల్లగా జ్వరం దిగింది. తర్వాతి కీమో ఆ వీడియో చూసినవాళ్ల సాయంతోనే జరిగింది. వైద్యం ఇంకా సాగుతోంది, నా పరుగు కూడా.