గోవిందమ్మ ఇంటి వీడియో

ఎబినేజర్ ఇరవై ఏళ్లుగా జమ్మలమడుగులో స్టూడియో నడుపుతున్నాడు. పెళ్లిళ్లు, చర్చి కూడికలు, తిరునాళ్లు, ఏది పిలిస్తే అది తీస్తాడు. అతని సొంత ఊరు కొండాపురం వైపు ఉండేది. గండికోట జలాశయంలో నీళ్లు పెంచినప్పుడు మునిగిపోయింది. జనం ఇళ్లు ఖాళీ చేస్తున్న ఆ నెల రోజులూ అతను స్టూడియోకు తాళం వేసి, కెమెరా భుజాన వేసుకుని ఊళ్లోనే తిరిగాడు. తియ్యమని అతన్ని ఎవరూ అడగలేదు, ఒక్క గోవిందమ్మ తప్ప.

ఆమెది మట్టి మిద్దె. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు ఓబులేసు పులివెందులలో ఆటో తోలుకుంటూ అక్కడే కాపురం పెట్టాడు. ఇల్లు వదిలి రమ్మని ఎన్నిసార్లు పిలిచినా నీళ్లు వచ్చేదాకా ఆమె కదల్లేదు.

"మా ఇల్లు తియ్యి నాయనా. పైన వెలుతురొచ్చే గవాక్షి, పొయ్యి, ఎద్దులు కట్టేసే తావు, అన్నీ రావల్ల. మనవరాండ్లకు చూపిచ్చుకుంటా" అని మూడు వేలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను వద్దన్నాడు. ఆమె వినలేదు. చివరికి తీసుకుని, అలవాటు ప్రకారం బిల్లు రాసిచ్చాడు.

ఇల్లంతా తీశాక, కూలీలు ద్వారబంధం పెకలించడం మొదలుపెట్టారు. కొత్త ఇంటికి పనికొస్తుందని ఓబులేసే పురమాయించాడు. గడప ఊడి రాగానే గోవిందమ్మ అక్కడే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎబినేజర్ కెమెరా దించలేదు. నాలుగు నిమిషాలు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

పెన్ డ్రైవ్ ఒకటి ఆమెకిచ్చాడు. తర్వాత ఆ వీడియోను తన యూట్యూబ్ చానల్లోనూ పెట్టాడు. ఊరు పోగొట్టుకున్నవాళ్లు చూసి ఫోన్లు చేసేవాళ్లు. గోవిందమ్మకు ఆ సంగతి చెప్పాలని అతనికి తోచలేదు.

నాలుగేళ్ల తర్వాత ఒక పొద్దున ఓబులేసు ఫోన్ చేశాడు.

"ఏమప్పా ఎబినేజరూ, మా యమ్మను నేనెప్పుడు తరిమితి?"

ఎబినేజర్‌కు ఏమీ అర్థం కాలేదు. ఓబులేసు పంపిన లింకు తెరిచాక అర్థమైంది. హైదరాబాదు కంపెనీ ఒకటి తీసిన లఘుచిత్రం అది. తల్లిని ఇంట్లోంచి గెంటేసిన కొడుకు కథ. చివర్లో ఏడుస్తున్న తల్లి గోవిందమ్మే. వీడియో మూలన ఉన్న ఎబినేజర్ స్టూడియో పేరు కనపడకుండా బొమ్మను కత్తిరించి, వెనక విషాద సంగీతం పెట్టారు. లక్షలమంది చూశారు. కింద ఆ కొడుకును బూతులు తిట్టారు.

ఆ వారంలోనే అతని చానల్లోంచి అసలు వీడియో మాయమైంది. అది తమదని ఆ కంపెనీ ఫిర్యాదు చేసిందట. ఫోన్ చేస్తే అవతలి మనిషి, "మీదేనని రిజిస్ట్రేషన్ కాగితం ఏమైనా ఉందా?" అని పెట్టేశాడు.

ప్రొద్దుటూరులో కాత్యాయని అనే వకీలు ఇలాంటివి చూస్తారని ఎవరో చెబితే వెళ్లాడు. ఆమె అంతా విని, "రిజిస్ట్రేషన్ లేకపోయినా ఏం కాదు. తీసినప్పుడే హక్కు పుడుతుంది. మీ దగ్గర అసలు ఫైళ్లున్నాయా?" అని అడిగింది.

"కార్డుతో సహా ఉండాయి మేడం."

"మంచిది. అది మీరు మీ అంతట మీరే తీసినారా, ఎవరైనా డబ్బులిచ్చి తీయించుకున్నారా?"

ఎబినేజర్‌కు గోవిందమ్మకు రాసిచ్చిన బిల్లు గుర్తొచ్చింది. బిల్లు పుస్తకం స్టూడియోలో ఎక్కడో అడుగున ఉంది. హైదరాబాదువాళ్లకు దాని సంగతి తెలిసే దారి లేదు. ఎవరూ డబ్బులివ్వలేదంటే సరిపోతుంది.

"ఆ యమ్మే ఇచ్చింది మేడం. బిల్లు గూడా రాసినా" అన్నాడు.

కాత్యాయని కలం కింద పెట్టింది. "అయితే అది మీది కాదు. వేరే ఒప్పందం రాసుకోనంతవరకు, దుడ్డిచ్చి తీయించుకున్నవాళ్లదే హక్కు."

"ఎండలో నిలబడి తీసింది నేను కదా!" అతని గొంతు పెరిగింది. "నాలుగు నిమిషాలు చెయ్యి వణక్కుండా పట్టుకున్నా. వాళ్లు ఎత్తుకపోయింది ఆ నాలుగు నిమిషాలే."

"నిజమే. చట్టం మాత్రం అట్ల ఉంది. నోటీసు ఆమె పేరుతో పోవాల. లేదంటే ఆమె హక్కు మీకు రాసిచ్చి సంతకం చెయ్యాల. నోటిమాట చెల్లదు." మళ్లీ కలం తీసుకుంటూ, "చానల్లో పెట్టేముందు ఆమెను అడిగినారా?" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

కాత్యాయని రెండు కాగితాలూ రాసిచ్చింది. తర్వాతి ఆదివారం అతను చర్చికి పోకుండా, ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాడు. హక్కు తనకు రాసిచ్చే కాగితం పైన పెట్టుకున్నాడు.

ఓబులేసు అతన్ని కూర్చోమనలేదు. "మా యమ్మ ఎవరో ఈ ఊళ్లో అందరికీ తెలుసు. ఆటో ఎక్కినోళ్లు నా మొగం చూసి దిగిపోతాండారు. పాప బడికి పోనంటాది. ఊరు మునిగిందని ఎంతమందికి చెప్పల్ల?" అని బయటికి వెళ్లిపోయాడు.

గోవిందమ్మ మంచమ్మీద కూర్చుని ఉంది. ఆ చిత్రం పక్కింటివాళ్ల ఫోన్లో ఆమె కూడా చూసింది.

"తప్పయింది పెద్దమ్మా" అన్నాడు.

"ఇల్లు తియ్యమంటి గదా. నేను ఏడ్చేది ఎందుకు తీస్తివి?"

"ఆపబుద్ధి కాలేదు."

"సరే, తీస్తివి. అందరికీ ఎందుకు చూపిస్తివి?"

"మన ఊరు మనోళ్లకు గురుతుండల్లని."

"ఊరు గురుతుండల్లంటే ఊరు చూపియ్యి. నా మొగమెందుకు?"

అతను కాగితాలు తీసి రెండింటికీ తేడా చెప్పాడు. ఒకదాని మీద సంతకం చేస్తే వీడియో తనదవుతుంది, తనే కొట్లాడతాడు. రెండోదైతే ఆమె పేరుతో నోటీసు పోతుంది. ఆమె చివరిదాకా వింది.

"అంటే ఇప్పుడు అది నాదేనా?"

"నీదే పెద్దమ్మా."

"నాదైతే నా పేరుతోనే పంపు. ఆడ తీసేయల్ల. నీ దాంట్లో గూడా మల్ల రాగూడదు."

ఎబినేజర్ రెండో కాగితం పైకి తీశాడు. "నేను తీసినవాటిల్లో అదే మంచిది పెద్దమ్మా" అన్నాడు.

"నాకూ నచ్చింది. శానాసార్లు చూసుకున్నా. అయినా వద్దు."

ఆమె నిదానంగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది.

నోటీసు వెళ్లిన నెలన్నరకు కంపెనీ ఆ చిత్రాన్ని తీసేసింది. తప్పు ఒప్పుకోలేదు, క్షమాపణ చెప్పలేదు. నష్టపరిహారానికి దావా వెయ్యవచ్చని కాత్యాయని చెప్పింది. ఓబులేసు ఒప్పుకోలేదు. "కోర్టుకు పోతే ఆ బొమ్మ మల్ల నలుగురూ చూస్తారు. చాలు" అన్నాడు. అతను ఆటో అమ్మేసి, ఇప్పుడు వేంపల్లెలో టమాటా మండీలో పనికి పోతున్నాడు.

కంపెనీ ఫిర్యాదు వీగిపోయి తన చానల్లోకి తిరిగొచ్చిన అసలు వీడియోను ఎబినేజర్ తనే తుడిచేశాడు. దాని కింద ఊరివాళ్లు రాసుకున్న మాటలన్నీ కూడా దాంతోపాటే పోయాయి. ఇప్పుడు ఎవరు పని అప్పగించినా హక్కు ఎవరిది, ఎక్కడ చూపించవచ్చు అని ముందే రాయించుకుంటున్నాడు. పెళ్లివాళ్లు నవ్వుతారు. కొందరు వేరే స్టూడియోకు పోతారు.

ఆ నాలుగు నిమిషాలు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఎవరెవరో ముక్కలు చేసి, తమ పేర్లతో పెడుతున్నారు. తన తరఫున ఫిర్యాదు చేసేందుకు గోవిందమ్మ అతనికి రాసిచ్చింది కాబట్టి, వారానికి ఒకసారి కూర్చుని వెతుకుతాడు. పోయిన మంగళవారం పదకొండోది దొరికింది. ఓబులేసుకు చెప్పలేదు. ఫారం నింపి, హక్కుదారు అన్నచోట గోవిందమ్మ పేరు రాసి పంపాడు.