ఒక వత్తు తేడాతో నేను పోయిన రోజు

నేనొకసారి చచ్చిపోయాను. ఎక్కువసేపు కాదులెండి, పొద్దున పదకొండింటి నుంచి పన్నెండున్నర దాకా. నన్ను చంపింది ఒక కాకి. ఆ గంటన్నరలో ఖాజాగూడలోని మా గేటు ముందుకు ఒక అంబులెన్సు, ఒక ఆక్సిజన్ సిలిండరు, ముప్ఫైమంది ఉద్యమకారులు వచ్చి నిలబడ్డారు. అంతా చదివాక నన్ను నాలుగు తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా మేనత్త పడలేదు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. వారంలో ఏ రోజు బందో ఏ రోజు కాదో ముందురోజు సాయంత్రం గానీ తెలిసేది కాదు. మాది తెనాలి. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరి ఏడాదైంది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం నా పని. నా తప్పులు పట్టేవాళ్లు దగ్గర లేకపోవడం నా దౌర్భాగ్యం. ఖాజాగూడలో యాదమ్మ గారి ఇంట్లో మేడమీద గది కిరాయికి తీసుకున్నాను. ఇంటి వెనకే పెద్ద గుట్ట. అది అడ్డం రావడంతో గదిలో ఫోనుకి సిగ్నల్ ఉండేది కాదు. ఎవరితో మాట్లాడాలన్నా డాబా ఎక్కాల్సిందే.

ఆ డాబా మీదికి ఒక వేపచెట్టు కొమ్మ వాలి ఉండేది. మే నెలలో దాని మీద ఒక కాకుల జంట కాపురం పెట్టింది. పెట్టుకోనీ, మనకేం అభ్యంతరం? కానీ గూటికి సామాను ఎక్కడ దొరికిందనుకున్నారు? తెగిన టీవీ కేబుల్ ముక్కలు, ఒక బట్టల హ్యాంగరు, వాటితోపాటు ఉతికి తీగ మీద ఆరేసిన నా ఆఫీసు ఐడీ కార్డు తాడు. మా ఆఫీసు పేరు ముద్రించిన నీలం తాడు గూట్లోంచి వేలాడుతుంటే, కాకి మా కంపెనీలో చేరినట్టే ఉంది. నేను ఇల్లు తుడిచే కర్ర తెచ్చి దాన్ని లాగబోయాను. గూట్లో పిల్లలున్నాయని నాకేం తెలుసు? కాకిపిల్ల కాకికి ముద్దంటారు. ఎంత ముద్దో ఆ రోజు నా నెత్తికి తెలిసింది.

అప్పట్నుంచి ఆ జంట నా మొహం గుర్తుపెట్టుకుంది. యాదమ్మ గారు ఎక్కితే ఏమీ అనవు. పాలవాడు వస్తే పట్టించుకోవు. నేను తలుపు తీస్తే చాలు, ఒకటి వెనక నుంచీ ఒకటి ముందు నుంచీ దూకుతాయి. గేటు కూడా ఆ చెట్టు కిందే ఏడ్చింది. దాంతో నేను గది నుంచి రోడ్డు దాకా హెల్మెట్ పెట్టుకుని నడిచేవాణ్ణి. నాకు బండి లేదని మీకు చెప్పలేదు కదూ.

అసలు సంగతికొస్తాను. ఆ రోజు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు, ఆఫీసు లేదు. పదిన్నరకి లేచి అమ్మకి ఫోన్ చేద్దామని, నిద్రమత్తులో హెల్మెట్ మర్చిపోయి డాబా ఎక్కాను. టప్పున నడినెత్తి మీద తన్ను. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడంటారు. నేను తాడినీ తన్నలేదు, ఈతనీ తన్నలేదు. అయినా తల మీద తన్ను మాత్రం నాకే పడింది. కిందికి పరిగెత్తుకొస్తే యాదమ్మ గారు బియ్యం చెరుగుతున్నారు.

"ఏమైంది బిడ్డా?"

"కాకి తన్నిందండీ."

చేట ఆమె చేతిలోంచి జారిపోయింది. "యాడ తన్నింది?"

"నెత్తి మీద."

"నడి నెత్తి మీదనా? అయ్యో, గట్ల తన్నుడు మంచిది గాదు బిడ్డా. ప్రాణగండం. మీ దిక్కు తెల్వదా? నువ్వు పోయినవని సొంతోళ్లకు కబురు పంపాలె. వాళ్లు ఏడ్వాలె. ఏడిస్తే గండం ఆ కన్నీళ్లల్లనే కొట్టుకపోతది. ఎన్కల ఉన్ననని చెప్పాలె."

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మాది క్రైస్తవ కుటుంబం. మా ఇంట్లో శకునాలు, దోషాలు పనికిరావు. నేను సండే స్కూల్లో మూడేళ్లు వరసగా బహుమతి తెచ్చుకున్నవాణ్ణి. అలాంటివాణ్ణి నవ్వి ఊరుకోవాలి కదా. ఊరుకోలేదు. నెత్తి ఇంకా చురచురమంటోంది, యాదమ్మ గారి మొహం నిజంగానే పాలిపోయింది.

"నీ కోసం ఏడ్చేటోళ్లు ఎవరున్నరు?" అని అడిగారామె.

చాలా కష్టమైన ప్రశ్న. సోమవారం పని అప్పజెప్పాలి కాబట్టి మా మేనేజర్ ఏడుస్తాడు, కానీ ఆ ఏడుపు నా కోసం కాదు. అమ్మకి పంపే మాటే లేదు. ఆమెకి గుండెజబ్బు. ఈ కబురు ఆమె చెవిన పడితే కాకి నన్నొదిలి ఆమెని తీసుకుపోతుంది. మిగిలింది మా మేనత్త రూతమ్మ. నల్లగండ్లలో ఉంటుంది, నన్ను చిన్నప్పుడు ఎత్తుకుని పెంచింది, నేనంటే ప్రాణం. పైగా బంద్ కాబట్టి ఇక్కడికి రాలేదు. పది నిమిషాలు ఏడ్పించి, ఫోన్ చేసి, క్షమాపణ చెప్పేస్తే సరి.

మరి అబద్ధమాడటం పాపం కదా? దానికీ ఉపాయం కనిపెట్టాను. హెల్మెట్ పెట్టుకుని డాబా ఎక్కి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మెసేజ్ కొట్టాను. 'Anand poyadu. Kaki tannindi.' పోయాడు అంటే వెళ్లాడనీ అర్థమే. ఎక్కడికి వెళ్లాడు? డాబా మీదికి. కాకి తన్నిన మాటా నిజమే. ఒక్క అబద్ధమైనా లేకుండా చావు కబురు రాసినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మెసేజ్ వెళ్లిందో లేదో, కాకులు రెండూ కలిసి హెల్మెట్ మీద పడ్డాయి. మెట్ల మీద జారుకుంటూ వచ్చి గదిలో పడ్డాను.

పది నిమిషాలయ్యాక బతుకుదామని బయల్దేరాను. తలుపు తీశాను. రెండు కాకులూ పిట్టగోడ మీద కూర్చుని నా కోసమే చూస్తున్నాయి. మూశాను. గొడుగుతో ప్రయత్నించాను. గొడుగు గుడ్డ చిరిగింది. యాదమ్మ గారి ఫోను ఆమె భర్త జేబులో ఉద్యమ శిబిరానికి వెళ్లిపోయింది. నా ఫోనిచ్చి ఆమెనే పైకి పంపుదామంటే, ఉన్ననని నీ నోటితోనే చెప్పాలె అని మొండికేశారు. ఇంతలో కిటికీ దగ్గర సిగ్నల్ ఒక్క క్షణం వచ్చి, అత్తయ్య నుంచి ఒకే మాట మోసుకొచ్చి మళ్లీ పోయింది. 'Vastunna.'

"ఎలా వస్తుందండీ, బంద్ కదా?" అన్నాను కిందికి దిగి యాదమ్మ గారితో.

"ఏం పని చేస్తదామె?"

"ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు."

చెప్పగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బంద్ రోజున కూడా ఆగని బండి ఒకటుంటుంది. అది ఆసుపత్రిలోనే ఉంటుంది.

ఇక లాభం లేదు. అత్తయ్య దారిలో అమ్మకి ఫోన్ చేసేస్తే? హెల్మెట్, ఇల్లు తుడిచే కర్ర, ఫోను పట్టుకుని డాబా మీదికి దూసుకెళ్లి నీళ్ల ట్యాంకు వెనక నక్కాను. నంబరు నొక్కబోతే కాకి నా చేతిమీద పొడిచింది. ఫోను పిట్టగోడ దాటి వెనక గుట్ట మీద పడి మూడు ముక్కలైంది. అప్పుడు వినిపించింది సైరన్. దాని వెనక నినాదాలు. 'ఖాకీల జులుం నశించాలె.'

ఇప్పుడు మీరు ఆ మెసేజ్ ఇంకోసారి చదువుకోండి. 'Kaki tannindi.' ఇంగ్లీషు అక్షరాలకి వత్తులుండవు. మా అత్తయ్య దాన్ని 'ఖాకీ తన్నింది' అని చదివింది. చౌరస్తాలో అంబులెన్సు ఆపిన కుర్రాళ్లకి, పోలీసులు మా మేనల్లుణ్ణి కొట్టారని ఆ మెసేజ్ చూపించింది. వాళ్లు దారి ఇవ్వడమే కాదు, వెంట పరిగెత్తుకుంటూ వచ్చారు. నేను నక్కిన చోట కూర్చుని, గేటు దగ్గర జరుగుతున్నదంతా విన్నాను. వాళ్లకి ముందున్నవాడి పేరు మల్లేష్ అని తర్వాత తెలిసింది.

"అమ్మా, గా పోరడు ఏడున్నడు?" అన్నాడు మల్లేష్.

"ఆనందా? పైన్నే ఉన్నడు బిడ్డా. కిందికి దిగనిస్తలేదు," అన్నారు యాదమ్మ గారు.

"ఎవరు?"

"కాకి."

మల్లేష్ గొంతు పెంచాడు.

"ఇంక ఈడనే ఉన్నదా ఖాకీ?"

"పొద్దుగాల సంది గాడనే ఉన్నది. పోతే చాలు, నెత్తి మీద తంతున్నది."

"ఎన్ని ఉన్నయమ్మా?"

"రెండు. ఆలుమొగలు."

"ఆలుమొగలా?"

"పిల్లలు గూడ ఉన్నయి. నాలుగు."

మల్లేష్ పక్కవాణ్ణి అడిగాడు. "ఏందిరా, పిల్లగాండ్లను ఏస్కొని డ్యూటీకి వచ్చిండ్రా?"

ఇక తట్టుకోలేక నేను లేచి నిలబడ్డాను. నా వేషం చూడండి. తల మీద హెల్మెట్, చేతిలో కర్ర, కింద ఖాకీ రంగు పొట్టి ప్యాంటు. ఇంట్లో ఇంకో రంగు లేనట్టు సరిగ్గా అదే దొరికింది నాకు.

"అగో, ఖాకీ. లాఠీ గూడ ఉన్నది," అన్నారెవరో.

"నేను ఆనంద్‌ని," అని అరిచాను. హెల్మెట్‌లోంచి ఎంత బయటికొచ్చిందో ఏమో.

"ఆనంద్‌ను కొట్టి మళ్ల ఆనంద్ పేరే తీస్తుండు. పట్టుండ్రి."

మెట్ల మీద ముప్ఫైమంది అడుగుల చప్పుడు. నా పని అయిపోయిందనుకున్నాను. కాకి చేతిలో తప్పించుకున్న చావు కాకిని పోలిన మాట చేతిలో రాసిపెట్టి ఉంది కాబోలు. కానీ తలుపు తెరుచుకోగానే మొదటివాడి నెత్తి మీద టప్ మంది. రెండోవాడి నెత్తి మీదా టప్ మంది. బాష్పవాయువుకి వెనక్కి తగ్గని కుర్రాళ్లు గబగబా మెట్లు దిగిపోయారు. ఆ జంటకి ఆ క్షణంలో నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

తర్వాత తలుపు మెల్లగా తెరుచుకుంది. తెల్ల యూనిఫాంలో అత్తయ్య. కాకుల వైపు చూడనైనా లేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"తియ్యరా ఆ టోపీ."

తీశాను.

"చెయ్యి ఇటివ్వు."

ఇచ్చాను. మణికట్టు పట్టుకుని, గడియారం చూస్తూ, నిండా ఒక నిమిషం లెక్కపెట్టింది. పెదాలు కదులుతున్నాయి.

"నూట పన్నెండు," అంది. "ఉన్నావు."

అప్పుడు చెంప మీద కొట్టింది. కాకి తన్ను దాని ముందు ఏపాటిది.

"ఖాకీ తన్నిందని రాశావు కదరా?"

"కాకి అత్తయ్యా. నల్లగా ఉంటుంది. రెక్కలుంటాయి."

మెట్ల మీద ఆ మాట ఒకరి నుంచి ఒకరికి దిగింది. "కాకి అంట." "కాకినా?" "అవ్‌రా, కాకే." గేటు దాకా వెళ్లాక ఎవరో ఫక్కున నవ్వారు.

"అమ్మకి చెప్పావా?" అన్నాను.

"నాడి చూడకుండా ఎవరైనా పోయారని నేను చెప్పనురా. ఇరవయ్యేళ్ల డ్యూటీలో ఎప్పుడూ చెప్పలేదు. అందుకే ఆక్సిజన్ పెట్టించుకుని వచ్చాను." అని మెట్ల మీద కూలబడి, అప్పుడు ఏడ్చింది. దారంతా ఏడవని మనిషి, నేను బతికి ఉన్నానని చూశాక ఏడ్చింది.

"ఇగ పోయింది బిడ్డా గండం," అన్నారు యాదమ్మ గారు తృప్తిగా.

కిందికి దిగాక మల్లేష్ నా దగ్గరికి వచ్చాడు. నా మీద కప్పడానికి తెచ్చిన కండువా అతని చేతిలోనే ఉంది. తన్నులకి సిద్ధపడి కళ్లు మూసుకున్నాను.

"ఈ ఏడు ఇద్దరు దోస్తుల పాడెలు మోసిన అన్నా," అన్నాడు. "నువ్వన్న లేచి నిలబడ్డవ్. గదే చాలు. గిట్లాంటి కబుర్లు ఇగ పంపకు జర."

ఆ కండువా మడిచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నాకు సిగ్గేసింది. చెంపదెబ్బకి రాని కన్నీళ్లు అప్పుడొచ్చాయి. లోకులు కాకులంటారు గానీ, ఆ రోజు నా కోసం పరిగెత్తుకొచ్చిన లోకులకి ఆ మాట అంటకూడదు. ఏ ఊరివాడినో అడగకుండా వచ్చారు వాళ్లు.

అత్తయ్య అంబులెన్సు ఎక్కేదాకా తిడుతూనే ఉంది. "బాప్తిస్మం తీసుకున్నవాడివి, కాకికి భయపడతావా? దోషమేంట్రా, గండమేంట్రా? మీ చర్చి అయ్యగారికి చెప్తానుండు." సరిగ్గా గేటు దగ్గర ఆ మాట అంటుండగా, టప్. నడి నెత్తి మీద. జడముడి ఊడిపోయింది.

ఎవరూ నవ్వలేదు. ధైర్యం ఎవరికుంది? అత్తయ్య జుట్టు సవరించుకుని, ఏమీ జరగనట్టే బండి దాకా నడిచి, ఆగి, యాదమ్మ గారిని పక్కకి పిలిచింది. గొంతు తగ్గించింది గానీ నా చెవులు చురుకైనవి.

"నేనివి నమ్మననుకోండి. ఊరికే అడుగుతున్నాను. ఆ కబురు దగ్గరివాళ్లకే పంపాలాండీ?"

మర్నాడు ఆఫీసులో స్నేహితుడిచ్చిన పాత ఫోనులో, గుట్ట మీద ఏరుకొచ్చిన నా సిమ్ వేసుకోగానే ఒక మెసేజ్ వచ్చింది. 'Ruthamma poyindi. Kaki tannindi.' అంత తిట్టినావిడ, అంత నమ్మనావిడ. నా సీట్లోనే ముందుకి వంగి, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వాను. వెంటనే ఫోన్ చేశాను.

"అత్తయ్యా, ఏడ్చాను."

"నిజంగానా?"

"నవ్వీ నవ్వీ కన్నీళ్లొచ్చాయి."

"నవ్వితే వచ్చినవి లెక్కకొస్తాయో రావో ఆవిడని కనుక్కో," అంది.

యాదమ్మ గారు ఆలోచించి, వస్తాయనే తీర్పు చెప్పారు. ఆ వేపచెట్టు సాక్షిగా, గూట్లో వేలాడుతున్న నా నీలం తాడు సాక్షిగా నేను ఆ రోజే ప్రమాణం చేశాను. కాకి నన్ను మళ్లీ తన్నొచ్చు, పొడవొచ్చు, కావాలంటే ఈసారి నా ఐడీ కార్డుతో సహా ఆఫీసుకి వెళ్లొచ్చు. నేను మాత్రం ఈ జన్మలో ఇంకెప్పుడూ తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో రాయను.