ఫోటో కింద ఒక వాక్యం

బళ్లారి సత్యనారాయణపేటలో మా ఇంటి నుంచి మా చర్చి నడిచిపోయే దూరమే. బడిలో పాఠాలు చెప్పి రిటైరైన దాన్నని, సంఘం వార్షికోత్సవానికి వేసే పుస్తకం పని నాకు అప్పజెప్పారు. మావాళ్లందరికీ ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. తెలుగును తప్పుల్లేకుండా రాయగలిగినవాళ్లు సంఘంలో తక్కువ. ఆ ఒక్క అర్హతతో నేను సంపాదకురాలినయ్యాను.

పాత ఫోటోలు చర్చి బీరువాలో, ఒక బిస్కెట్ డబ్బాలో దొరికాయి. పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఎవరెవరో అడిగి రాసుకున్నాను. ఒక్కటి మాత్రం ఎవరికీ తెలియలేదు. చర్చి మెట్ల దగ్గర ఒకామె, నెత్తిన కొంగు, కాళ్ల దగ్గర గంప, కుడి చేయి నుదుటి మీదికి ఎత్తి ఉంది. వదిలేద్దామంటే డీటీపీ చేసే ఆయన ఒప్పుకోలేదు.

"పేజీ సగం ఖాళీగా ఉండాది టీచరమ్మా. ఫోటో బాగుంది. కింద ఏమన్నా రాసియ్యండి. ఏమీ లేకుంటే పొరపాటున పడిందనుకుంటారు జనం."

అక్కడే నిలబడి ఒక చీటీ మీద రాసిచ్చాను: "సంఘ తొలినాళ్ల ప్రార్థనాపరురాలు." అబద్ధం రాస్తున్నానని అనిపించలేదు. చర్చి ముందు నిలబడిన మనిషి ఇంకెందుకు వచ్చి ఉంటుంది అనుకున్నాను.

పుస్తకం పంచిన ఆదివారమే ఆమె సంగతులు అందరికీ గుర్తు రావడం మొదలైంది. ముందు ఆ ఫోటో చూసి తల అడ్డంగా ఊపిన సంఘ పెద్దే, తన తల్లి ఈమె పక్కన మోకరించేదని చెప్పాడు. స్త్రీల కూటంలో ఒకామె, ఆ ఎత్తిన చేయి ఊరికి ఆశీర్వాదమని వివరించింది. ఆ వాక్యం నేను ఊహించి రాసిందేనని ఎవరికీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే, కొంచెం గర్వపడ్డాను కూడా.

రెండు వారాలకు దగ్గర్లోని కప్పగల్లు ఊరి నుంచి ఒక ముసలామె ఆ పుస్తకం సంచిలో పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పేజీ తీసి ఫోటో మీద వేలు పెట్టింది.

"ఈమె మా అవ్వమ్మా. నాకు చదువు రాదు. కింద ఏమని రాసినారు?"

చదివి వినిపించాను. 

"మా అవ్వ చర్చి లోపలికి ఎప్పుడూ పోలేదు. ఆమె పోయినాకనే మేమంతా సంఘంలో చేరింది. ఆమె ఆడికి వంకాయలు అమ్మేదానికి వస్తాండె. అప్పటి మిషను దొరసానమ్మ ఒక్కొక్క కాయా పిసికి చూస్తాదని ఆ మెట్ల మీదనే కొట్లాడిందంట."

"మరి ఆ చేయి?"

"ఎండమ్మా. కండ్లలో పడతాంటే అడ్డం పెట్టుకునింది."

తప్పయిందన్నాను. మళ్లీ అచ్చు వేసినప్పుడు సరిదిద్దుతానన్నాను. ఆమె కాఫీ తాగి లేస్తూ, "వంకాయలని రాయండి. మా అవ్వ వంకాయలంటే ఊర్లో అందరికీ తెలుసు," అంది.

కాపీలు చాలక నిజంగానే రెండోసారి వేయాల్సి వచ్చింది. "చర్చి మెట్ల దగ్గర వంకాయలు అమ్మే కప్పగల్లు స్త్రీ" అని మార్చి కమిటీ ముందు పెట్టాను. సంఘ పెద్ద కళ్లద్దాలు తీశాడు.

"ఇదేంది టీచరమ్మా? ఆమె మీద మొన్న ప్రసంగం కూడా అయిపాయె. ఇప్పుడు వంకాయలంటే జనం ఏమనుకుంటారు? సుమ్నే, ఊరికే ఉన్నదాన్ని ఎందుకు కెలుకుతారు?"

"ఫోటోలో గంప కనపడతాంది కదప్పా," అన్నాను.

అందరూ వంగి చూశారు.  నేను గెలిచాననే అనుకున్నాను. అప్పుడు పెద్దాయన డీటీపీ ఆయనకు ఫోన్ చేసి, ఫోటో కింది భాగం కత్తిరించడానికి వీలవుతుందా అని అడిగాడు. వీలవుతుందట.

రెండో ముద్రణలో ఆమె నడుము దాకానే ఉంది. నా పాత వాక్యం అలాగే ఉంది, కాస్త లావు అక్షరాల్లో. ప్రూఫు నేనే చూశాను. ఒక్క అచ్చుతప్పు లేదు.

మొన్న కప్పగల్లు ఆమె ఎవరి చేతనో ఫోన్ కలిపించి, వంకాయలని రాసినారా అని అడిగింది. పుస్తకం ఇంకా ప్రెస్సులోనే ఉందని చెప్పాను.