గుడివాడ కెమెరాలో గోడ అద్దం

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, వేసవి బదిలీల్లో నన్ను బందరు వేశారు. అద్దకం, నేత నమూనాలను భద్రపరిచే ఒక ప్రభుత్వ కేంద్రంలో నేను సీనియర్ ఫొటోగ్రాఫర్‌ని. హోదా వినడానికి ఘనంగానే ఉంటుంది. సెక్షన్ అంటే మాత్రం నేను, ఒక డార్క్‌రూము, కిర్రుమనే ఫ్యాను. సామాన్లన్నీ స్టోర్ కీపరు గారి అధీనంలో ఉండేవి. సంతకాలన్నీ విజయవాడలో ఉండే డిప్యూటీ డైరెక్టరు గారివి.

నాకు అప్పగించిన పని పెడనలో. కలంకారీ అచ్చులను ఫొటో తీసి, అసలు అచ్చు ఎంతుందో సరిగ్గా అంతే కొలతలో ప్రింటు వేయాలి. ఆ కాగితాన్ని టేకు దిమ్మ మీద అంటించి కొత్త అచ్చు చెక్కుతారు. ఒక్కో డిజైనుకు ఒకటే అచ్చు ఉండదు. గీతలకు ఒకటి, లోపలి రంగులకు రంగుకొకటి ఉంటాయి. వాటిలో ఒక్కటి నూలుపోగంత పెరిగినా ఎరుపు వెళ్లి పువ్వు బయట పడుతుంది.

అచ్చులు అక్కడ అద్దకం షెడ్డు నడిపే నాగమణి గారి మావగారి కాలం నాటివి. కుటుంబం పంపకాల్లో షెడ్డు, అద్దకం బల్లలు ఆవిడకొచ్చాయి, అచ్చులు మరిదికి వెళ్లాయి. ఆయన వాటిని గోడలకు తగిలించే షోకు సామానుగా హైదరాబాదు దుకాణానికి బేరం మాట్లాడేసుకున్నాడు. పెద్దమనుషులు కూర్చుని శ్రావణ మాసం దాకా గడువిప్పించారు. ఆ లోపు నకళ్లు తీసుకోవచ్చన్నారు. ఆవిడ చీరలు, దుప్పట్లు కొనేవాళ్లంతా ఆ నెమలి అంచు కోసం, ఆ తీగ కోసమే వచ్చేవాళ్లు.

"అచ్చుల్లేని బల్ల అంట్లు తోముకోడానికే పనికొస్తుందండీ" అన్నారు నాగమణి గారు మొదటి రోజే. ఆ మాటలో ఏడుపు లేదు, లెక్క ఉంది. నాకు ఆవిడ నచ్చారు.

పని సగంలో ఉండగా ఆఫీసు కెమెరా చచ్చిపోయింది. అది రెండు లెన్సుల పాతకాలం కెమెరా. పై లెన్సుతో మనం చూస్తాం, కింది లెన్సు ఫిల్ము మీద తీస్తుంది. పై లెన్సులో పడిన బొమ్మ లోపల ఏటవాలుగా ఉన్న అద్దం మీద తగిలి, నెత్తిన ఉన్న గరుకు గాజు మీద కనిపిస్తుంది. తల వంచుకుని చూడాలి కాబట్టి, ఆ కెమెరా పట్టుకున్నవాళ్లకు వినయం దానంతటదే వచ్చేస్తుందని మా గురువుగారు అనేవారు. నాకు మాత్రం రాలేదు. ఆ రోజు కింది లెన్సు వెనక ఉండే షట్టరు స్ప్రింగు తెగి, రేకులు నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాయి.

డిప్యూటీ డైరెక్టరు గారికి ఫోన్ చేస్తే, సెల్‌ఫోనుతో తీసెయ్యండి అన్నారు. తీసి చూపించాను. దగ్గర నుంచి తీస్తే ఫోనులో అంచులు వంగుతాయి. నెమలి అంచు ఫొటో ప్రింట్లు నాలుగు పక్కపక్కన పెడితే మూడు చోట్లా అతుకు విడిపోయింది. మంచి డిజిటల్ కెమెరా, తగిన లెన్సు ఉంటే పని జరుగుతుంది, కాదనను. కానీ ఆ కొనుగోలు ఇండెంటు మంజూరై వచ్చేసరికి శ్రావణం వెళ్లి కార్తీకం వస్తుంది. పైగా స్టాండు మీద గుర్తులు, డార్క్‌రూములో ప్రింటు పెద్దది చేసే యంత్రం మీద గుర్తులు అన్నీ ఆ పాత లెన్సు కొలతకే పెట్టుకున్నవి. అదే రకం కెమెరా దొరికితే మర్నాడే పని మొదలవుతుంది. నేనే వెతికి తెస్తానన్నాను. దొరికితే చూద్దాం అన్నారాయన. ఆఫీసులో నాది ఉడుంపట్టని పేరు. ఆ పేరు చెడగొట్టుకునే వయసు కాదు.

మొదటిది బందర్లోనే, మూతపడిన స్టూడియోలో దొరికింది. వెనక తలుపు తీసి, షట్టరు తెరిచి, టార్చి వేసి చూశాను. కింది లెన్సు లోపల సన్నటి దారాలు అల్లుకుని ఉన్నాయి. బూజు. సముద్రపు గాలికి చెమ్మ పడితే లెన్సుకు ఇదే రోగం. పైపైన ఉంటే తుడవచ్చు, గాజును తిన్నాక తుడిచినా మచ్చ పోదు. అది తినేసింది.

రెండోది దివిసీమలో ఉందని తెలిసి చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్లాను. ఒక రిటైర్డు డ్రాయింగు మాస్టారిది. చెమ్మ తగలకూడదని ఆయన కెమెరాను ఏళ్ల తరబడి బియ్యం డబ్బాలో దాచారు. లెన్సు అద్దంలా మెరుస్తోంది. నాకు ఆశ పుట్టింది. ఒక సెకను తెరుచుకునేలా షట్టరు పెట్టి నొక్కితే లోపల గడియారంలా గిర్రున తిరిగి ఠక్కున మూసుకోవాలి. అది తెరుచుకుని, ఆలోచించుకుంటూ కూర్చుంది. సందుల నిండా తవుడు. నెత్తి మీద గాజు కింద ముక్కపురుగు ఒకటి కాళ్లు చాపుకుని ఉంది. "బియ్యం పాతవేనమ్మా, పురుగు ఎలా పట్టిందో" అని మాస్టారు బియ్యం గురించే బాధపడ్డారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు, అంత దూరం వెళ్లి పురుగును పట్టుకుని వచ్చాను.

మూడోది గుడివాడలో. సుబ్బారావు గారు డెబ్బై దాటిన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. తోలు పెట్టె తీస్తే లోపల కెమెరా నిన్న కొన్నట్టుంది. టార్చి వేశాను, దారం పోగు లేదు. చెవి దగ్గర పెట్టుకుని అన్ని స్పీడులూ విన్నాను, ఒక్కటీ తడబడలేదు. ఇంకేముంది, కవరు తీసి అడ్వాన్సు ఇవ్వబోయాను. అలవాటు కొద్దీ ఒకసారి వీధిలోని కరెంటు తీగ వైపు తిప్పి గాజులో చూశాను. తీగ పక్కనే పల్చగా ఇంకో తీగ ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. అది కూడా మళ్లీ కనిపించింది.

అప్పుడు వెనక తలుపు తెరిచి, ఫిల్ము ఉండే చోట ట్రేసింగు కాగితం బిగించాను. పై గాజులో తీగ గీసినట్టుంది. కింద కాగితం మీద అలుక్కుపోయి ఉంది. అంటే కన్ను ఒకచోట చూస్తోంది, ఫిల్ము ఇంకోచోట చూస్తోంది. ఆయన అనుమతితో పై మూత విప్పి, లోపలి అద్దానికి పెన్సిలు మొన ఆనించాను. కెమెరా అద్దానికి మెరిసే పూత గాజు పైనే ఉంటుంది కాబట్టి మొన, అద్దంలో దాని నీడ ఒకదాన్నొకటి తాకాలి. ఇక్కడ రెంటికీ మధ్య ఎడం కనిపించింది. పూత వెనక ఉంది. అది ఇంట్లో తల దువ్వుకునే అద్దం.

ఒళ్లు మండింది. పైన పటారం, లోన లొటారం. అద్దం ఎవరు మార్చారండీ అని అడిగాను.

"నేనేనమ్మా" అన్నారు సుబ్బారావు గారు గర్వంగా. పాతది నల్లబడితే ఫ్రేములు కట్టే కొట్లో ముక్క కోయించి తనే అమర్చారట. "అప్పట్నుంచి నా ఫొటోల్లో పెళ్లికూతుళ్లు వెన్నముద్దల్లా వచ్చేవారు. మొటిమలుండేవి కావు. పామర్రు నుంచి కూడా వచ్చేవారండీ నాకోసం."

ఏళ్ల తరబడి ఫోకస్ తప్పిన ఫొటోలతో ఊరంతా మెప్పించిన మనిషిని ఏమనగలం? కోపం పోయి నవ్వొచ్చింది. మెల్లగా విషయం చెప్పి, పెన్సిలు ఆయన చేతికే ఇచ్చాను. ఆయన చాలాసేపు చూసి, "పెళ్లికూతురికి సరిపోయింది గాని, అచ్చుకి పనికిరాదన్నమాట" అన్నారు. మొహం చిన్నబోయింది. నాకూ కష్టంగానే అనిపించింది.

దారిలో బస్సులో ఆలోచన వచ్చింది. మా చచ్చిన కెమెరాలో అద్దం నిక్షేపంగా ఉంది. దాన్ని తీసి ఇందులో వేస్తే సరి. విజయవాడ నుంచి ఈ కెమెరా కొనడానికి సరేనన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదన్నట్టు, స్టోర్ కీపరు గారు ఒప్పుకోలేదు. పాత కెమెరాను కండెమ్ చేయడానికి, అంటే పనికిరాదని కొట్టేయడానికి, ప్రతిపాదన పంపాం. కమిటీ చూసేదాకా అందులోంచి చీల కూడా తీయకూడదు. అది రూలే, ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. కమిటీ శ్రావణం తర్వాత గాని కూర్చోదు.

నాగమణి గారు ఆ రోజే ఫోన్ చేశారు. మరిది బస్తాలు కొని తెచ్చాడని, అచ్చులు కట్టడానికని చెప్పారు.

తెల్లారాక రూలును రెండో వైపు నుంచి చూశాను. పాతదాంట్లోంచి తీయకూడదు. పాతదాంట్లో పెట్టకూడదని ఎక్కడా లేదు. విజయవాడ వెళ్లి డిప్యూటీ డైరెక్టరు గారి ముందు కూర్చున్నాను. కండెమ్ ప్రతిపాదన వెనక్కి తీసుకుని, పాత కెమెరాను రిపేరుకు పెడతాను, గుడివాడ కెమెరాను విడిభాగాల కింద కొంటాను అన్నాను. నున్నగా ఉన్నదాన్ని కొని విప్పేస్తారా అన్నారాయన. నున్నగా కనిపించడమే దాని జబ్బండీ అని, పెన్సిలు పరీక్ష ఆయన గదిలోని చేతులు కడుక్కునే చోటి అద్దం మీదే చూపించాను. సంతకం పెట్టారు.

విప్పింది సుబ్బారావు గారే. కూలి ఇస్తానంటే వినిపించుకోలేదు. తన కెమెరా ముందు పలకను, రెండు లెన్సులతో, షట్టరుతో సహా ఊడదీసి మా పాత పెట్టెకు బిగించారు. ట్రేసింగు కాగితం మీద, పై గాజు మీద బొమ్మ రెండు చోట్లా ఒకేలా తేలేవరకూ మరలు సర్దుతూనే ఉన్నారు. గోడ అద్దం ముక్కను జేబులో వేసుకుని వెళ్లిపోయారు.

పెడనలో మళ్లీ కెమెరాను స్టాండు ఎక్కించి, నెమలి అచ్చును పలకకు ఆనించి నిలబెట్టాను. నాగమణి గారిని పిలిచి గాజులో చూడమన్నాను. ఈ కెమెరాలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. అచ్చు కూడా తారుమారుగానే చెక్కుతారు. రెండు తిరకాసులూ కలిసి బొమ్మ సరిగ్గా నిలబడింది. "గుడ్డ మీద పడ్డట్టే ఉందండీ" అన్నారావిడ, తల ఎత్తకుండా. ఆ తర్వాత ప్రతి అచ్చునూ ఆవిడ చూశాకే తీశాను. ఎక్కడ పువ్వు రేకు అరిగిందో, ఎక్కడ గీత మళ్లీ లోతు చేయించాలో చెబుతూ వచ్చారు. గడువు లోపలే ఆఖరి అచ్చు అయింది. మర్నాడు మరిది బస్తాలు కట్టి లారీకి ఎత్తించాడు. ఆవిడ గడపలో నిలబడి చూశారు గాని, ఒక్క బస్తా మీద కూడా చెయ్యి వేయలేదు.

వానలు తగ్గాక కొత్త అచ్చులు తయారయ్యాయి. పాత దుప్పటి ఒకటి బల్ల మీద పరిచి, పాత అచ్చుతో సగంలో ఆగిన నెమలి అంచు పక్కనే కొత్త అచ్చును ఆనించి, మునివేళ్లతో సర్ది, పిడికిలితో కొట్టారు నాగమణి గారు. తీశాక అతుకు ఎక్కడుందో నేను వెతికాను. ఆవిడ వెతకలేదు, తర్వాతి అచ్చు రంగులో ముంచుతున్నారు.

రిటైరయ్యాక కూడా కుర్రాళ్లు పాత కెమెరాలు కొని నా దగ్గరికి తెస్తుంటారు, ఎలా ఉందో చూడండని. బూజు, తవుడు, తుప్పు వాటంతటవే కనిపిస్తాయి. కాబట్టి ఏం పాడైందని నేను అడగను. ఏం బాగుచేశారని అడుగుతాను.