గేటు పక్క రాయి మీద వైఫై పాస్‌వర్డ్

మా కొత్త గదికి నల్లబండలు కావాలి. అనంతపురం దుకాణాల్లో చూసినవి ఒక్కటీ నచ్చలేదు. పాలిష్ పట్టేచోటికే పోయి ఎంచుకుందామని పొద్దున ఆరున్నరకు తాడిపత్రి బస్సెక్కాను. టికెట్టు వందలోపే. గంటకు పైగా వేరుశనగ చేల మధ్య కుదుపులు తిని, తాడిపత్రికి కాస్త ఇవతలే దిగాను. ఆ ఊరి పేరు రాయను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

ఫోన్లో బుక్ చేసుకున్న గది ఖాసిం అన్న ఇంటి మేడమీద. రోజుకు ఎనిమిది వందలు, ఆయన భార్య హసీనమ్మ చేతి భోజనం విడిగా. ఖాసిం అన్న ముప్పై ఏళ్లు బండలు కోసి పాలిష్ పట్టిన మనిషి. గేటు పక్క గోడకు నిగనిగలాడే నల్లరాయి బిగించాడు. ఇంటిపేరు ఉంటుందనుకుని దగ్గరికి పోయి చూస్తే, అది వైఫై పాస్‌వర్డ్! దిగినవాళ్లందరూ అదే అడుగుతుంటే విసుగొచ్చి స్వయంగా చెక్కాడట. భలే పని అన్నాను. ఆయన మొహంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

లోపల ఎస్సై, ఒక కానిస్టేబుల్ కూర్చుని ఉన్నారు. ఈ ఇంటి నెట్ నుంచి ఎవరో దొంగ ఉద్యోగాల ప్రకటనలు పంపి జనాన్ని మోసం చేశారట. కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంటే ముందు వాళ్లే జవాబు చెప్పాలన్నారు ఎస్సై. నన్ను లోపలేస్తారా సార్ అని ఖాసిం అన్న రెండుసార్లు అడిగాడు. పాపమనిపించింది. నా గది సంగతి ఏమవుతుందోనన్న బెంగ కూడా కొంచెం ఉంది, దాచుకోవడమెందుకు.

ఆ ప్రకటనలు వెళ్లిన రోజు గదిలో ఎవరు దిగారని ఎస్సై అడిగితే హసీనమ్మ ఒక నోటుబుక్కు తెచ్చింది. ఏ రోజు ఎవరు ఎన్ని రొట్టెలు తిన్నారో అందులో రాసుకుంటుంది. ఆ తేదీన ఒక్క రొట్టె కూడా లేదు. అంటే గది ఖాళీ.

"మరి పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసప్పా?" అన్నారు ఎస్సై.

"దావన పోయే లారీలోళ్లందరికీ తెలుసు సార్. రాయి మీద ఉండాది కదా," అన్నాడు ఖాసిం అన్న, అబద్ధం చేతకాక.

ఎస్సై నమ్మలేదు. అందరం గేటు బయటికి వచ్చాం. రాయి చూసి పాస్‌వర్డ్ కొట్టు, నెట్ వస్తుందో లేదో చూద్దామని ఆయన కానిస్టేబుల్‌కు చెప్పారు. కానిస్టేబుల్ ఫోన్ తీయలేదు, నేల చూపులు చూశాడు.

"కొట్టే పనిల్యా సార్. ఈ పక్క బంకులో టీ తాగనీకి ఈడే నిలబడతాంటా. నా ఫోను ఎప్పుడో కలిసిపోయినాది."

ఎస్సై అతని ఫోన్ తీయించి చూశారు, నిజమే. తర్వాత ఖాసిం అన్న వాంగ్మూలం రాసుకుని, రౌటర్లో కలిసిన ఫోన్ల వివరాలు తీసుకుని, అసలువాడిని మేం చూసుకుంటాం, నీ మీద కేసు లేదు అన్నారు. పాస్‌వర్డ్ మాత్రం ఇప్పుడే మార్చాలి, రాయి ఇప్పుడే పీకాలి. గడ్డపార కానిస్టేబుల్ చేతికే ఇచ్చారు.

"రెండు దినాలు కూర్చుని చెక్కినానన్నా," అంటూ ఖాసిం అన్న రాయికంటిన సిమెంటు తుడుస్తున్నాడు. రొట్టె తట్టనీకి ఇంత నున్నటి రాయి యాడ దొరుకుతాదని హసీనమ్మ దాన్ని వంటింట్లోకి మోయించింది.

మధ్యాహ్నం ఖాసిం అన్నే వెంట వచ్చి నాకు మంచి బండలు ఎంపిక చేసి పెట్టాడు. ఇంటికొచ్చినవాళ్లకు నీళ్లిచ్చినట్టే మనం ఇప్పుడు నెట్ ఇస్తున్నాం. నీళ్లు తాగినవాడు తర్వాత ఏం చేశాడని మనల్ని ఎవరూ అడగరు, నెట్ వాడినవాడి గురించి అడుగుతారు. కాబట్టి మీరు గది అద్దెకిచ్చేవాళ్లయితే అతిథులు మారినప్పుడల్లా పాస్‌వర్డ్ మార్చండి, ఎవరెప్పుడు ఉన్నారో రాసి పెట్టుకోండి. ఖాసిం అన్న ఆ రోజే మార్చాడు. మంచి పని చేశాడు, ఎందుకంటే మరునాడు పొద్దున నా పళ్లెంలోకి వచ్చిన జొన్నరొట్టె మీద పాత పాస్‌వర్డ్ మొత్తం అద్దంలోలా తిరగబడి అచ్చుపడి ఉంది.