ఉక్రెయిన్ బ్యాండు విడిపోతే నాకిచ్చిన సెలవు

ఆ రోజుల్లో నాకు ఏడవడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు, ఇరవై రెండేళ్ళ వయసు చాలేది. అరబ్బు దేశంలో, షువైఖ్‌లో ఒక గోదాముకు పికప్ బండి తోలేవాణ్ణి. బండి పాతది, ముందు ఎవరు తోలారో గానీ ప్లేయర్‌లో ఒక సీడీ ఇరుక్కుపోయి ఉంది. లాగితే రాదు, నొక్కితే ఆగదు. మొదటిరోజు అది మోగగానే బండి పక్కన ఆపేశాను (ఇంజనులో ఏదో విరిగిందనుకున్నాను). ఎవరో గొంతు చించుకుని గర్జిస్తున్నాడు, వెనక డ్రమ్ములు ఉరుకుతున్నాయి, మధ్యలో ఉన్నట్టుండి పిల్లనగ్రోవి! నెల తిరిగేసరికి ఆ గర్జన లేకపోతే నాకు గేరు పడేది కాదు. పాటను గుర్తుపట్టే యాప్‌కు వినిపిస్తే ఉక్రెయిన్ బ్యాండని చెప్పింది. అక్కడి పాత దేవుళ్ళ మీద, అడవుల మీద, మంచు మీద పాడతారట. దాన్ని పేగన్ ఫోక్ బ్లాక్ మెటల్ అంటారట (అక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు మీద కూడా అంత పొడుగు పేరు లేదు). ఇక వాళ్ళ చరిత్రంతా తవ్వాను. మొదటి పాటలు కోళ్ళ షెడ్డులో రికార్డు చేశారు. రెండో ఆల్బమ్‌కు పిల్లనగ్రోవాయన చేరాడు. నాలుగోదాంట్లో గర్జించేవాడు మామూలుగా పాడబోతే అభిమానులు తిట్టిపోశారు. నేనూ తిట్టాను, తెలుగులోనే, ఎర్రటి ఎండలో స్టీరింగు మీద గుద్దుతూ.

మహబూలాలో మా గదిలో ముగ్గురం: నేను, మామా అని పిలుచుకునే రాయచోటాయన, జగిత్యాలన్న. ఒక శుక్రవారం మధ్యాహ్నం వాళ్ళు చికెన్ వండుతుండగా ఫోన్లో చూశాను. బ్యాండు విడిపోయింది. నాకు తెలియకుండానే భోరుమన్నాను.

"ఏమైందిరా?" మామ గరిటెతో సహా వచ్చాడు.

"పోయినాడు మామా... పదహైదేండ్లు కల్సి ఉన్న్యారు..."

"ఎవురు?"

"డ్రమ్ములాయన."

మా బంధువుల్లో ఎవరో అనుకుని, గుచ్చి అడగడం బాగుండదని ఊరుకున్నాడు. జగిత్యాలన్న పొయ్యి ఆర్పేసి, "ఊకో తమ్మీ, మనం ఏం జేస్తం" అని తల నిమిరాడు. ఆ ఓదార్పు ఎంత హాయిగా ఉందంటే, నిజం చెప్పబుద్ధి కాలేదు. చికెన్ పక్క గదికి వెళ్ళిపోయింది. మేం మజ్జిగన్నం తిన్నాం.

మర్నాడు గోదాములో కఫీల్, అంటే నాకు వీసా ఇచ్చిన యజమాని, నా పాస్‌పోర్టు పట్టుకుని ఎదురొచ్చాడు. మా ఇంట్లో ఎవరో పోయారని అక్కడే పనిచేసే మామ అప్పటికే చెప్పేశాడు. "నెల సెలవు. టికెట్ నాది. యల్లా, ఇంటికి పో," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. నేను ఇల్లు చూసి రెండేళ్ళయింది. నోరు మూసుకుంటే చాలు, ఎల్లుండి అమ్మ చేతి అన్నం తింటాను. కానీ ఆయన తడికళ్ళు చూశాక నోరు ఊరుకోలేదు.

"బాబా, ఎవరూ చావలేదు. విడిపోయారు," అన్నాను నాకొచ్చిన అరబ్బీలో.

"తలాకా?"

"కాదు. ఐదుగురు మగవాళ్ళు."

కఫీల్ కుర్చీలో కూర్చున్నాడు. "అన్నదమ్ములా? అయితే ఇంకా త్వరగా పో. కలిపి రా."

వాళ్ళు నాకేమీ కారని చెప్పి, ఫోన్లో పాట పెట్టాను. కళ్ళు మూసుకుని ఏడు నిమిషాలూ విన్నాడు. "విడిపోయి మంచిపని చేశారు," అన్నాడు చివరికి. "ఖలాస్. బండి తియ్యి." పాస్‌పోర్టు బీరువాలోకి వెళ్ళిపోయింది.

మామ వారం రోజులు మాట్లాడలేదు. జగిత్యాలన్న మాత్రం, "ఎవ్వలు సావలే గదా, గదే సాలు తీ," అని నవ్వేశాడు.

కొన్నేళ్ళకు జగిత్యాలన్న ఇఖామా రద్దు చేసుకుని ఊరికి వెళ్ళిపోతుంటే ఎయిర్‌పోర్టులో నేనే దింపాను. దారంతా ట్రాఫిక్ గురించి మాట్లాడాను. కళ్ళు తడవలేదు. మొహాలైనా సరిగ్గా తెలియని ఐదుగురి కోసం ఏడ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. వాడే ఆ రోజు స్టీరింగు ముందు ఉండి ఉంటే, జగిత్యాలన్నను వాటేసుకుని ఎయిర్‌పోర్టంతా వినబడేలా ఏడ్చి పంపేవాడు.