బావకు చేరిన పదకొండు మెసేజీలు

వెంట్రుకంత సన్నటి గాజుపోగులను కరిగించి అతికించే జాయింటరు అతను. కరెంటు స్తంభాలెక్కి కేబులు లాగేది అక్క మొగుడు. "మీ అక్క కంటే ఈ కేబులే నయంరా, లాగితే వస్తుంది!" అని పైనుంచే అరిచేవాడు. ఇద్దరూ కలిసి కొండవాలులో ఉన్న చివరి ఊరిదాకా ఇంటర్నెట్ లైను తెచ్చారు. ఆ ఊళ్ళో ఏ ఫోనుకూ సిగ్నలందదు.

ఆ రోజు మధ్యాహ్నం దాకా కరెంటు ఉండదన్నారు. బావ చివరి ఊళ్ళో స్తంభమెక్కాడు. జాయింటరు కిందటి ఊళ్ళో పోగులు అతుకుతున్నాడు. పదింటికి కరెంటాఫీసు నుంచి ఫోనొచ్చింది.

"మా పని ముందే అయిపోయింది. పదకొండింటికి లైనిచ్చేస్తున్నాం. మీవాళ్ళని దించేయండి."

"అలాగే సార్."

ఇంకా నాలుగు పోగులు మిగిలాయి. వదిలేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. గంట టైముంది కదా అనుకున్నాడు. పని ముగిసేసరికి పదీ ముప్పై అయిదు. అప్పుడు ఫోను చేస్తే బావ ఫోను అందలేదు. 'దిగు బావా, కరెంటొస్తోంది' అని మెసేజి పెట్టాడు. ఒకటి కాదు, పదకొండు. కరెంటాఫీసులో ఎవరూ ఫోనెత్తలేదు. బైకెక్కాడు. దారి నలభై నిమిషాలు. చేరేసరికి స్తంభం చుట్టూ జనం.

"నువ్వొక్క మాట చెప్పి ఉంటే..." అంది అక్క. ఆ తర్వాత తమ్ముడితో మాట్లాడటం మానేసింది.

మిగిలిన పని చేయడానికి పందొమ్మిదో రోజున అతనే వెళ్ళాడు. మొదటి కనెక్షను, ఆ స్తంభానికి ఎదురుగా ఉన్న ఆరోగ్య కేంద్రానికి. పెట్టెలో పచ్చదీపం వెలగ్గానే నర్సమ్మ బీరువా తీసి ఒక ఫోను తెచ్చింది.

"జేబులోంచి జారిపోతుందని నా చేతికిచ్చి ఎక్కాడు బాబూ. ఆ గొడవలో ఇవ్వడం మరిచిపోయాను. చార్జింగు పెడుతూనే ఉన్నాను. అరుగు మీదే కూర్చున్నానప్పుడు. ఇది ఒక్కసారి మోగినా అరిచి దించేదాన్ని."

వద్దనుకుంటూనే అతను దాన్ని కొత్త లైను వైఫైకి కలిపాడు. ఫోను బల్ల మీద గిలగిలలాడింది. ఒకదాని వెంట ఒకటి పదకొండూ దిగాయి.

నర్సమ్మ మొహం తిప్పుకుంది.

ఆ ఫోను ఇంటికి తీసుకెళ్ళి ఇస్తే, అక్క గుమ్మంలోనే నిలబడి అన్నీ చదివింది. ఎర్రబడ్డ కళ్ళతో తమ్ముడి భుజం మీద చెయ్యేసింది.

"చెప్పావన్నమాట. అనవసరంగా నిన్ను ఆడిపోసుకున్నాను కదరా."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయాడు.

"వాళ్ళు నాకు పదింటికే చెప్పారక్కా. అప్పుడే బయలుదేరుంటే అందుకునేవాణ్ణి."

అక్క మొదటి మెసేజి పెట్టిన టైము చూసింది. భుజం మీది చెయ్యి మెల్లగా జారింది.

"అమ్మకి చెప్పకు," అంది. ఫోను తీసుకుని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఇప్పుడు అతను మరో కొండదారిలో పోగులు అతుకుతున్నాడు. అప్పుడప్పుడు తన ఫోనులో బావ పేరు తెరుస్తాడు. ఒక్కోసారి ఆ పేరు కింద 'ఆన్‌లైన్' అని కనిపిస్తుంది. చదువుకుంటున్నది అక్కేనని తెలుసు. అయినా చేతిలో పని వదిలేసి, ఆ మాట మాయమయ్యేదాకా కదలకుండా చూస్తూ ఉండిపోతాడు.